జనగణన కోసం మున్సిపాలిటీ మ్యాప్: ఏ హద్దును నమ్మాలి, బ్లాకులు ఎలా విడదీయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ మున్సిపాలిటీలో మూడు గ్రామ పంచాయతీలు విలీనమయ్యాయి. వార్డుల మ్యాప్ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఒకలా, ఎన్నికల సెక్షన్‌లో ఇంకోలా, ఇంటర్నెట్‌లో దొరికిన షేప్‌ఫైల్ (కంప్యూటర్ మ్యాప్ ఫైల్)లో మరోలా ఉంది. డోర్ నంబర్లేమో ఈ మూడింటిలో దేనితోనూ కలవడం లేదు. దక్షిణం వైపు కాలువ పక్కన ఒక కాలనీ ఉంది, అది మీదో పక్క మండలానిదో ఎవరూ తేల్చి చెప్పడం లేదు. జనగణన బ్లాకులకు, అంటే లెక్కించే ఒక్కొక్కరికీ కేటాయించే ప్రాంతాలకు, మ్యాప్ సిద్ధం చేయమని మీకు అప్పగించారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నారు.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. జనగణన మ్యాప్ ఆస్తి హక్కును తేల్చడానికి కాదు, మాస్టర్ ప్లాన్‌లా భవిష్యత్తును చూపించడానికీ కాదు. పట్టణంలో ఏ ఇల్లూ లెక్కలోంచి జారిపోకూడదు, ఏ ఇల్లూ రెండుసార్లు రాకూడదు. దాని పని అంతే. మీరు గీసే ప్రతి గీత దగ్గరా ఒకటే అడగండి: ఈ గీతను చూసి ఎన్యూమరేటర్ (ఇంటింటికీ వెళ్ళి లెక్క రాసేవారు) వీధిలో నిలబడి, ఎవరినీ అడక్కుండా, "ఈ ఇల్లు నాది, ఆ ఇల్లు నాది కాదు" అని చెప్పగలరా? చెప్పగలిగితే అది మంచి గీత. సెంటీమీటర్ల ఖచ్చితత్వం ఉండి కూడా ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వలేని గీత జనగణనకు పనికిరాదు.

ఇక మీ మూడు మ్యాపుల సంగతి. ఏది సరైనదని అడిగారు. దానికంటే ముందు ఏ తేదీ నాటి మ్యాప్ కావాలో తేల్చుకోవాలి. జనగణన నియమాలు, 1990 ప్రకారం లెక్కింపుకు ముందు పరిపాలనా హద్దులను స్తంభింపజేస్తారు. జిల్లా, మండలం, రెవెన్యూ గ్రామం, పట్టణం, వార్డు, అన్నీ ఆ తేదీన ఎలా ఉంటే లెక్క ముగిసేదాకా జనగణనకు అలాగే లెక్క. 2027 జనగణనకు సంబంధించి, మార్పులేమైనా ఉంటే 2025 డిసెంబరు 31లోగా పూర్తిచేసుకోమని రాష్ట్రాలకు చెప్పారు. 2026 జనవరి 1 నుంచి 2027 మార్చి 31 వరకు హద్దులు కదలవు. ఆ గడువు ముగియబోతున్న నెలలోనే హైదరాబాద్ చుట్టూ ఉన్న 27 పట్టణ స్థానిక సంస్థలను గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపేశారు. కాబట్టి మీకు కావలసింది 2025 డిసెంబరు 31 నాటికి అమల్లో ఉన్న హద్దు. ఆ తర్వాత వచ్చిన జీవోలు, ప్రతిపాదనలు, కౌన్సిల్ తీర్మానాలు ఎంత ముఖ్యమైనవైనా ఈ మ్యాప్‌లోకి తేవద్దు. వాటికి వేరే ఫోల్డర్ పెట్టుకోండి.

తేదీ తేలాక హద్దును ఎక్కడి నుంచి తీసుకోవాలి? గెజిట్‌లో అచ్చైన మాటల నుంచి. షేప్‌ఫైల్ నుంచి కాదు, గోడ మీద వేలాడుతున్న రంగుల మ్యాప్ నుంచీ కాదు. మున్సిపాలిటీ ఏర్పడినప్పటి నోటిఫికేషన్, విలీనాల నోటిఫికేషన్లు, చివరి వార్డుల పునర్విభజన ఉత్తర్వు, ఇవన్నీ తేదీల వరుసలో పెట్టండి. వార్డు ఎల్లలు అందులో ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర అని వాక్యాల్లో ఉంటాయి: "ఫలానా డోర్ నంబరు నుంచి ఫలానా రోడ్డు వెంబడి కల్వర్టు దాకా" అన్న తీరులో. ఆ వాక్యాలే చట్టబద్ధమైన హద్దు. మ్యాప్ వాటికి బొమ్మ మాత్రమే. నేను చూసినంతలో గొడవలన్నీ బొమ్మను మొదట నమ్మి, వాక్యాన్ని తర్వాత చదవడం వల్లే వస్తాయి. ఒక్కో వాక్యాన్ని ఒక్కో ముక్కగా విడగొట్టి ఎక్సెల్‌లో ఒక్కో వరుసగా రాసుకోండి. ఏ వార్డు, ఏ దిక్కు, ఎక్కడి నుంచి ఎక్కడికి, దేని వెంబడి, ఏ ఉత్తర్వులో ఏ పేజీ. ఇది విసుగు పుట్టించే పనే. కానీ తర్వాత ఎవరైనా "ఈ గీత ఎక్కడి నుంచి వచ్చింది" అంటే మీ దగ్గర జవాబు ఉంటుంది.

పక్కపక్క వార్డుల వాక్యాలు ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో కూడా అప్పుడే బయటపడుతుంది. 12వ వార్డు తూర్పు హద్దు పాత బస్టాండు రోడ్డు అంటుంది, 13వ వార్డు పడమటి హద్దు దాని వెనక సందు అంటుంది. మధ్యలో ఉన్న ఇళ్ళ వరుస ఎవరిదీ కాకుండా పోతుంది. ఇలాంటిది దొరికితే మీరే ఒక నిర్ణయం తీసుకుని గీసేయకండి. కమిషనర్ దృష్టికి రాతపూర్వకంగా తీసుకెళ్ళి, వివరణ తీసుకుని, ఆ కాగితం ఫైల్లో పెట్టాక గీయండి. పట్టణాల్లో సాధారణంగా కమిషనరే ఛార్జి ఆఫీసర్ (ఆ ప్రాంతంలో జనగణన బాధ్యత చూసే అధికారి) కాబట్టి ఇది అనుకున్నంత కష్టమేమీ కాదు.

విలీన గ్రామాల దగ్గర అసలు చిక్కు వేరే ఉంది, దీన్ని చాలామంది గమనించరు. మున్సిపాలిటీలో కలిసింది గ్రామ పంచాయతీ. జనగణనలో పల్లెకు యూనిట్ రెవెన్యూ గ్రామం, అంటే భూమి రికార్డుల్లో సర్వే నంబర్లతో ఉన్న గ్రామం. ఈ రెండూ ఒకటి కావు. ఒక రెవెన్యూ గ్రామంలో రెండు పంచాయతీలు ఉండొచ్చు, ఒక పంచాయతీ కింద రెండు రెవెన్యూ గ్రామాలు ఉండొచ్చు. పంచాయతీ విలీనమైందని రెవెన్యూ గ్రామం మొత్తాన్ని పట్టణంలో వేసేస్తే, అదే గ్రామంలో ఇంకా పల్లెగానే ఉన్న శివారు హామ్లెట్ రెండు చోట్లా లెక్కకొస్తుంది, లేదా రెండు చోట్లా పోతుంది. కాబట్టి మూడు పంచాయతీలకూ ఏయే సర్వే నంబర్లు విలీన నోటిఫికేషన్‌లో ఉన్నాయో జాబితా తీయండి. ఆ రెవెన్యూ గ్రామంలో మిగిలిపోయిన సర్వే నంబర్లను పక్కన రాయండి. ఒక్కటైనా మిగిలితే ఆ గ్రామం "పాక్షికం"గా మండలం లెక్కలో కొనసాగుతుంది. ఆ సమాచారం మీ తహసీల్దారుకు మీ నుంచే వెళ్ళాలి. పల్లె ప్రాంతానికి ఛార్జి ఆయనది. మీరు చెప్పకపోతే పాత జాబితానే ఆయన పైకి పంపుతారు.

మీ పట్టణం రెండు మండలాల్లోకి విస్తరించిందా? అయితే ఇంకో నియమం కూడా పట్టించుకోవాలి. జనగణన అంచెలు రాష్ట్రం, జిల్లా, మండలం, పట్టణం, వార్డు, బ్లాకు అన్న వరుసలో ఉంటాయి. కింది అంచె పై అంచె గీతను దాటకూడదు. అంటే ఒకే వార్డులో ఉన్నా సరే, మండలం గీతకు అటూ ఇటూ ఉన్న ఇళ్ళను ఒకే బ్లాకులో పెట్టకూడదు. 2011 పట్టికల్లో గ్రేటర్ హైదరాబాద్ వేర్వేరు జిల్లాల కింద "పాక్షికం" అని ముక్కలుగా కనిపించేది ఇందుకే. ప్రజలకు అదంతా ఒకే ఊరు, కానీ పట్టికలో ప్రతి ముక్కా దాని జిల్లా కింద కూడాల్సిందే. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31గా, తర్వాత 2019లో 33గా మారినప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు మండలాల గీతలు కూడా అక్కడక్కడా కదిలాయి. 2011 నాటి మండలం గీతను కళ్ళు మూసుకుని వాడకండి.

డోర్ నంబర్లు కలవకపోవడానికి కారణం మన పట్టణాల పాత పద్ధతి. 5-3-21 అని ఉంటే 5 వార్డు, 3 బ్లాకు, 21 ఇల్లు. కానీ ఆ 5 రెవెన్యూ వార్డు, అంటే పన్ను వసూలుకు ఎప్పుడో విడదీసింది. కౌన్సిలర్‌ను ఎన్నుకునే వార్డు వేరు, పునర్విభజన జరిగినప్పుడల్లా దాని గీతలు మారతాయి. అలాగే ఆ 3 అనే బ్లాకుకు జనగణన బ్లాకుకు ఏ సంబంధమూ లేదు. జనగణన వార్డుగా తీసుకునేది ఎన్నికల వార్డునే. మీరు డోర్ నంబరులో మొదటి అంకె చూసి ఇళ్ళను వార్డుల్లో వేస్తూ పోతే మ్యాప్ మొత్తం తప్పుతుంది. డోర్ నంబరును చిరునామాగా మాత్రమే వాడుకోండి. రెవెన్యూ వార్డుల పొరను వేరే రంగులో పెట్టుకుంటే బిల్ కలెక్టర్లతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది, వాళ్ళు ఊరిని చూసేది ఆ లెక్కలోనే.

ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుందాం. క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం, ఈ పనికి అంతకు మించి ఏమీ అక్కర్లేదు. గ్రామ పటాలను స్కాన్ చేసి ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టేటప్పుడు రోడ్డు మలుపులను కాకుండా, మూడు గ్రామాలు కలిసే ట్రైజంక్షన్ రాళ్ళను, పాత చెరువు కట్టల చివరలను, పాత గుళ్ళను ఆధారంగా తీసుకోండి. రోడ్లు వెడల్పు అవుతాయి, మలుపులు సర్దుతారు, రాళ్ళు మాత్రం ఉన్నచోటే ఉంటాయి, ఎవరూ పీకేయకపోతే. వీలైతే ఆ రాళ్ళ దగ్గరికి వెళ్ళి జీపీఎస్ రీడింగ్ తీసుకోండి. మైలుకు 16 అంగుళాల స్కేలులో ఉన్న గ్రామ పటం అంటే 1:3960. ఆ పటంలో మిల్లీమీటరు మందం ఉన్న ఇంకు గీత నేల మీద దాదాపు నాలుగు మీటర్లు. అంటే పటం మీద గీత ఒక ఇంటి మధ్యలోంచి పోతున్నట్టు కనిపిస్తే, ఆ ఇల్లు ఎటువైపుదో పటం చెప్పలేదని అర్థం. అక్కడికి వెళ్ళి చూడాల్సిందే.

ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునైన మ్యాప్‌గా మార్చే పద్ధతి) గురించి ఒక మాట, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లో ఇది చాలామందిని ఇబ్బంది పెడుతుంది. విస్తీర్ణం, దూరం లెక్కించాలంటే యూటీఎం వాడతాం, అది భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే ప్రొజెక్షన్. 78 నుంచి 84 డిగ్రీల రేఖాంశాల మధ్య 44వ జోన్. హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖపట్నం అన్నీ ఇందులోకే వస్తాయి. జహీరాబాద్, నారాయణపేట, ఆదోని, అనంతపురం 78కి పడమట ఉన్నాయి కాబట్టి 43వ జోన్. పలాస, ఇచ్ఛాపురం 84 దాటి 45లో ఉన్నాయి. కర్నూలు నగరం 78 డిగ్రీల గీతను ఆనుకునే ఉంది. అలాంటి చోట మొత్తం పట్టణానికి ఏదో ఒక జోన్ ఎంచుకుని చివరిదాకా దాన్నే వాడండి. పక్క మండలం వాళ్ళు ఇచ్చిన ఫైల్ మీ మ్యాప్ మీద కూర్చోవడం లేదంటే తొంభై శాతం కారణం ఇదే, హద్దు తప్పయి కాదు.

గీయడంలో నా గట్టి సలహా ఒకటుంది. వార్డులను నేరుగా పాలిగన్లుగా (మూసిన ఆకారాలుగా) గీయకండి. ముందు గీతలు గీయండి. రెండు వార్డుల మధ్య హద్దు ఒక్కటే గీత, ఒక్కసారే గీయాలి. ప్రతి గీతకూ పట్టికలో నాలుగు సంగతులు రాయండి: అది నేల మీద ఏమిటి (రోడ్డు, కాలువ, రైలు పట్టాలు, సర్వే నంబరు గట్టు), ఏ ఉత్తర్వు నుంచి వచ్చింది, నేల మీద చూశారా లేదా, చూస్తే ఏ తేదీన. స్నాపింగ్ (గీతల చివరలు వాటంతటవే అతుక్కునే సదుపాయం) పెట్టుకుని గీతలన్నీ కలిపాక పాలిగనైజ్ కొడితే వార్డులు వాటంతటవే వస్తాయి. ఈ పద్ధతిలో వార్డుల మధ్య ఖాళీలు, అతివ్యాప్తులు పుట్టే అవకాశమే ఉండదు. రేపు ఒక గీత మారితే రెండు వైపులా ఒకేసారి మారుతుంది. విడివిడిగా పాలిగన్లు గీసిన ఫైలుకు టోపాలజీ చెకర్ (ఇలాంటి తప్పులు పట్టే సాధనం) పెట్టి చూడండి, సన్నటి చీలికలు గుట్టలుగా బయటపడతాయి. ఆ చీలికలో ఒక ఇంటి పాయింటు పడిందంటే ఆ కుటుంబం ఏ జాబితాలోనూ ఉండదు.

కోడ్‌లను అంకెలుగా కాకుండా టెక్స్ట్‌గా పెట్టండి. 2011లో రాష్ట్రానికి 2, జిల్లాకు 3, మండలానికి 5, పట్టణానికి గానీ గ్రామానికి గానీ 6, వార్డుకు 4 అంకెలు వాడారు. ఎక్సెల్ ముందున్న సున్నాలను మింగేస్తుంది. 0007 కాస్తా 7 అవుతుంది, ఆ తర్వాత రెండు పట్టికలు కలపబోతే ఏదీ కలవదు.

బ్లాకుల దగ్గరికొద్దాం. ఇదే అన్నిటికన్నా ఆలోచించి చేయాల్సిన భాగం. ఒక ఎన్యూమరేటర్ మోయగలిగినంత ప్రాంతమే ఒక బ్లాకు, సుమారు 700 నుంచి 800 మంది జనాభా. ఆరుగురు ఎన్యూమరేటర్లకు ఒక సూపర్‌వైజర్. ఇళ్ళ జాబితా దశకు విడదీసిన బ్లాకులే చాలావరకు రెండో దశ అయిన జనాభా లెక్కింపుకూ పునాది. మధ్యలో ఒక బ్లాకు బాగా పెరిగితే ఉపబ్లాకులుగా చీలుస్తారు. ఎవరు ఎక్కడ ఎంతమంది ఉన్నారో తెలుసుకోవడానికే జనగణన అయినప్పుడు, బ్లాకులో 800 మంది ఉంటారని ముందే ఎలా అంచనా వేస్తాం? 2011 సంఖ్య తీసుకుంటే అది మరీ పాతది. ఆస్తి పన్ను అసెస్‌మెంట్లు తీసుకుంటే అద్దె పోర్షన్లు, మురికివాడలు, ప్రభుత్వ క్వార్టర్లు తక్కువగా కనిపిస్తాయి. ఓటర్ల జాబితా తీసుకుంటే వలస వచ్చినవాళ్ళు ఉండరు, వెళ్ళిపోయినవాళ్ళు ఉంటారు. నా అనుభవంలో ఒక్కదాన్నే నమ్మకుండా ఈ మూడు లెక్కలను పక్కపక్కన పెట్టడమే మంచిది: ఉపగ్రహ చిత్రంలో ఇళ్ళ కప్పుల లెక్క, పన్ను అసెస్‌మెంట్లు, గృహ విద్యుత్ కనెక్షన్లు. మూడూ దగ్గరగా ఉంటే ఏదైనా వాడండి. ఒకటి మిగతా రెండింటికి బాగా దూరంగా ఉందంటే ఆ వీధిలో మీకు తెలియనిది ఏదో జరిగింది, వెళ్ళి చూడండి. కప్పులు తక్కువ, మీటర్లు ఎక్కువ ఉంటే అపార్ట్‌మెంట్లు లేచాయి. కప్పులు ఎక్కువ, పన్ను తక్కువ ఉంటే అనుమతి లేని ఇళ్ళో గుడిసెలో వచ్చాయి. జనగణనకు అనుమతితో పని లేదు, మనిషి ఉంటే లెక్కలోకి రావాల్సిందే.

బ్లాకు గీతకు రోడ్డు, రైలు పట్టాలు, పెద్ద కాలువ, నాలా మంచివి. సందులు, ప్రహరీ గోడలు, ఖాళీ స్థలం మధ్యలోంచి పోయే ఊహా రేఖలు మంచివి కావు, ఆర్నెల్లలో ఆ ఖాళీ స్థలంలో ఇల్లు లేస్తుంది. రోడ్డును గీతగా తీసుకుంటే మధ్యలోంచి తీసుకోండి. బ్లాకు వివరణలో మాత్రం "రోడ్డుకు ఉత్తరం వైపు ఇళ్ళు" అని స్పష్టంగా రాయండి. "ఫలానా రోడ్డు వరకు" అని రాస్తే ఆ రోడ్డు మీది ఇళ్ళను ఇద్దరూ రాస్తారు, లేదా ఇద్దరూ వదిలేస్తారు. ఫ్లైఓవర్ కింద, వంతెన కింద గుడారాలు వేసుకుని ఉండేవాళ్ళు ఎటువైపు బ్లాకుకు చెందుతారో కూడా ఒక్క వాక్యం రాసి పెట్టండి. ఇల్లు లేనివాళ్ళ లెక్క ఒకే రాత్రి జరుగుతుంది, 2011లో అది ఫిబ్రవరి 28 రాత్రి. ఆ రాత్రి వాదించుకునే సమయం ఎవరికీ ఉండదు.

ఒక అపార్ట్‌మెంటును రెండు బ్లాకుల మధ్య చీల్చకండి. పెద్ద గేటెడ్ కమ్యూనిటీ ఒక్కటే ఒక బ్లాకును మించిపోతే టవర్ల వారీగా విడదీయండి. ఒక్క టవరే మించిపోతే అంతస్తుల వారీగా, కానీ దాన్ని పాలిగన్‌తో చూపించలేరు. ఆ టవరుకు ఒక పాయింటు పెట్టి, ఏ అంతస్తులు ఏ బ్లాకో పట్టికలో రాయాలి. వెబ్ మ్యాప్‌లో ఒక చోట రెండు బ్లాకులు ఎందుకున్నాయని తర్వాత అడిగితే ఆ పట్టికే సమాధానం.

మురికివాడలను తప్పకుండా వేరు బ్లాకులుగా ఉంచండి. 2011లో నోటిఫై అయినవి, గుర్తింపు పొందినవి, జనగణన కోసం గుర్తించినవి అని మూడు రకాలుగా లెక్కించారు. మూడో రకానికి ఒకేచోట గుంపుగా కనీసం 300 మంది లేదా 60 నుంచి 70 కుటుంబాలు ఇరుకైన, సౌకర్యాలు లేని ఇళ్ళలో ఉండటం కొలమానం. ఒక బస్తీని సగం ఒక బ్లాకులో, మిగతా సగం పక్కనున్న మంచి కాలనీతో కలిపి ఇంకో బ్లాకులో వేస్తే ఏమవుతుంది? కాలనీలోని కుళాయిలు, మరుగుదొడ్లు సగటులో కలిసిపోయి బస్తీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. తర్వాత నీళ్ళ పైపు ఎక్కడ వేయాలో నిర్ణయించేవాళ్ళ ముందు ఆ సగటే ఉంటుంది. ఈ ఒక్క చోట మీ గీత నేరుగా మనుషుల జీవితాన్ని తాకుతుంది. బస్తీ అంచు ఎక్కడుందో ఆఫీసులో కూర్చుని ఊహించకండి, అక్కడ పనిచేసే ఆశా కార్యకర్తను, పారిశుద్ధ్య సిబ్బందిని వెంటబెట్టుకుని చుట్టూ నడవండి.

ప్రత్యేక ప్రాంతాలను త్వరగా చెప్పేస్తాను. పూర్తిగా సైనిక ప్రాంతాలైతే ప్రత్యేక ఛార్జి కిందకు పోతాయి, మీ బ్లాకుల్లోంచి వాటిని తీసేయాలి, కానీ మ్యాప్‌లో ఖాళీగా వదలకుండా వాటి కోడ్‌తో చూపాలి. జైలు, పెద్ద ఆసుపత్రి, హాస్టళ్ళను వేరుగా గుర్తించండి. పట్టణం హద్దు బయట, దాన్ని ఆనుకుని రైల్వే కాలనీయో యూనివర్సిటీ క్యాంపసో ఉంటే అది పట్టణానికి ఔట్‌గ్రోత్ (పట్టణంతో కలిపి లెక్కించే శివారు) కావచ్చు, ఆ నిర్ణయం మీది కాదు, జనగణన డైరెక్టరేట్‌ది. చెరువులు, పారిశ్రామికవాడలు, ప్లాట్లు వేసి వదిలేసిన లేఅవుట్లు కూడా ఏదో ఒక బ్లాకులో ఉండాలి. జనం సున్నా అని మీరు అనుకుంటున్న ఫ్యాక్టరీలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది.

బ్లాకులు చివరికి ఛార్జి ఆఫీసర్ వాడే హెచ్‌ఎల్‌బీ (ఇళ్ళ జాబితా బ్లాకు) క్రియేటర్ అనే వెబ్ మ్యాప్‌లోనే తయారవుతాయి. అందువల్ల మీ క్యూజీఐఎస్ పని వృథా అనుకోకండి. అక్కడ కూర్చున్నప్పుడు నిర్ణయాలు తీసుకునే తీరిక దొరకదు. ముందే తీసుకున్న నిర్ణయాలు అక్కడ ఎక్కించాలి.

పాత లెక్కతో పోలికను మర్చిపోవద్దు. 2011లో దేశంలో 7,935 పట్టణాలు ఉంటే అందులో 4,041 చట్టబద్ధమైనవి, మిగిలిన 3,894 సెన్సస్ టౌన్లు, అంటే మున్సిపాలిటీ లేకపోయినా జనాభా 5,000 దాటి, చదరపు కిలోమీటరుకు 400 మందికి తగ్గకుండా, పురుష ప్రధాన కార్మికుల్లో (ఏడాదిలో కనీసం ఆర్నెల్లు పనిచేసిన మగవాళ్ళలో) కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉన్న ఊళ్ళు. మీలో కలిసిన మూడు పంచాయతీల్లో ఏదైనా అప్పట్లో సెన్సస్ టౌన్ అయ్యిందేమో చూడండి. ఒకవేళ అయితే 2011లోనే దాని జనాభా పట్టణ జనాభాలో ఉంది. మిగతావి పల్లెలుగా ఉన్నాయి. ఈ తేడా రాసి పెట్టకపోతే మీ పట్టణం జనాభా ఒక్కసారిగా ఉబ్బినట్టు కనిపిస్తుంది, ఎంత నిజమైన పెరుగుదలో ఎంత విలీనమో ఎవరూ చెప్పలేరు. పాత బ్లాకు, పాత వార్డు, పాత గ్రామం కోడ్ ఒకవైపు, కొత్త వార్డు, కొత్త బ్లాకు మరోవైపు పెట్టి ఒక పట్టిక తయారుచేయండి. ఒక పాత బ్లాకు రెండుగా చీలితే రెండు వరుసలు రాయండి. వీలైనన్ని చోట్ల పాత బ్లాకు గీతలనే ఉంచి లోపల చీల్చండి, పూర్తిగా కొత్తగా గీయకండి.

ఈ పట్టిక విలువ జనగణన అయిపోయాకే తెలుస్తుంది. రాజ్యాంగంలోని 243టి అధికరణం ప్రకారం మున్సిపాలిటీల్లో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్లు జనాభా నిష్పత్తిలో ఉండాలి. రేపు వార్డులను మళ్ళీ విడదీసేటప్పుడు బ్లాకుల జనాభాను ఇటుకల్లా పేర్చి కొత్త వార్డులు కడతారు. బ్లాకు గీత వంకరగా ఉంటే ఆ వంకర వార్డులోకి, అక్కడి నుంచి ఏ వార్డు ఎవరికి రిజర్వ్ అవుతుందన్న దానిలోకి పోతుంది.

ఎన్యూమరేటర్ చేతికిచ్చే బ్లాకు పటం మాత్రం మీ అసలు మ్యాప్‌కు కాపీ కాకూడదు. అందులో సర్వే నంబర్లు, కోఆర్డినేట్లు వద్దు. వీధి పేర్లు జనం పిలిచేవి రాయండి. కాగితం మీద ఫలానా నాయకుడి పేరున్న నగర్ అయినా ఊరంతా సున్నపుబట్టి వీధి అంటే అదే రాయండి, అసలు పేరు చిన్న అక్షరాల్లో పక్కన. గుడి, మసీదు, చర్చి, బడి, వాటర్ ట్యాంకు, ట్రాన్స్‌ఫార్మర్ వేయండి. వాయవ్య మూల ఏదో గుర్తుపెట్టండి, ఇళ్ళకు నంబర్లు వేయడం అక్కడి నుంచి మొదలుపెట్టి ఆగ్నేయంలో ముగించడం పద్ధతి. నాలుగు వైపులా పక్క బ్లాకు నంబరు రాయండి. పక్కా ఇంటికి చతురస్రం, కచ్చా ఇంటికి త్రిభుజం వేస్తూ ఎన్యూమరేటర్ తర్వాత లేఅవుట్ మ్యాప్ గీసుకుంటారు, మీ పటం దానికి పునాది మాత్రమే. ఇంటి యజమానుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న పొరలేవీ దాని మీద ప్రింట్ కానివ్వకండి. జనగణన చట్టం, 1948 కుటుంబాల వివరాలకు ఇచ్చే గోప్యతను మ్యాప్ దగ్గర నుంచే కాపాడాలి.

ఇక మీ కాలువ పక్క కాలనీ. ముందు విలీన నోటిఫికేషన్‌లో దాని సర్వే నంబరు ఉందో లేదో చూడండి. ఉంటే మీదే, కాలువ ఎటు పారినా సరే. నోటిఫికేషన్ "కాలువ వరకు" అని మాత్రమే అంటే, కాలువ అప్పట్లో ఎక్కడుందో రెవెన్యూ పటంలో చూడాలి, ఇప్పుడు సిమెంటు లైనింగ్ వేసి పక్కకు జరిపిన కాలువను కాదు. రెండూ తేల్చకపోతే మీ సర్వేయర్, మండల సర్వేయర్ కలిసి నడిచి ఒకే పంచనామా రాసి, కమిషనర్, తహసీల్దారు ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇంట్లో ఎవరు పన్ను ఎక్కడ కడుతున్నారు, ఓటు ఎక్కడ వేస్తున్నారు అన్నది సాక్ష్యంగా రాసుకోండి, కానీ దాన్ని బట్టి హద్దు మార్చకండి. సంతకాలు ఆలస్యమవుతున్నాయంటే జిల్లా కలెక్టర్ దగ్గర పెట్టండి, జిల్లాలో జనగణనకు ప్రధానాధికారి ఆయనే. ఇళ్ళ జాబితా 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య మీ రాష్ట్రం ఎంచుకున్న 30 రోజుల్లో జరుగుతుంది. ఆ 30 రోజులు మొదలయ్యేలోగా ఆ కాలనీ ఒక్క ఛార్జిలోనే ఉండాలి. పని విభజించుకునేటప్పుడు దక్షిణం వైపు మొదట తీసుకోండి, ఉత్తరాన వార్డు గీతలు ఎటూ తేలికగానే వస్తాయి.